బోరు ఎండి దుబాయి పోతే అది వాతావరణ వలస కిందికి వస్తుందా? థీసిస్‌లో ఎట్లా రాయాలి?

ఎండినబోరు:

అందరికీ నమస్తే. వరంగల్‌లో పీహెచ్‌డీ రెండో సంవత్సరం చేస్తున్నాను. టాపిక్ వాతావరణ మార్పు, పల్లెల నుంచి వలసలు. ఉత్తర తెలంగాణ తీసుకున్నాను. పాలమూరు వలస మీద చాలామంది రాశారు, మన వైపు గల్ఫ్ మీద రాసినవాళ్ళేమో ఏజెంట్లు, వీసాలు, శవపేటికల దగ్గర ఆగిపోయారు, బావులూ బోర్ల దాకా వచ్చినవాళ్ళు నాకు తక్కువే కనిపించారు. అందుకని.

మొన్న ఎండాకాలం పరకాల దాటాక ఒక ఊళ్ళో, జగిత్యాల వైపు ఇంకో ఊళ్ళో కలిపి 30 ఇండ్లు తిరిగి పైలట్ సర్వే చేశాను. ప్రశ్నాపత్రంలో "మీ కుటుంబ సభ్యుడు వలస వెళ్ళడానికి ప్రధాన కారణం ఏమిటి" అని ఉంది, కింద ఎనిమిది గడులు, అందులో ఒకటి "కరువు / వర్షాభావం / వాతావరణం". 30 ఇండ్లల్లో ఆ గడికి ఒక్క టిక్కు కూడా పడలేదు. అందరిదీ ఒకటే మాట, "పైసలకు పోయిండు". లేదంటే అప్పు. ఒక పెద్దమ్మ అయితే "కరువెప్పుడు లేదు బిడ్డా? కరువొచ్చిందని పోతే ఊరంతా పోవాలె గదా" అని నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేదు, నీళ్ళు తాగి వచ్చేశాను.

మా గైడ్‌కు ఈ షీట్లు చూపిస్తే, ముందు ఎండల గురించి వానల గురించి ఓ పది ప్రశ్నలు వేసి ఆ తర్వాత కారణం అడుగు, వాళ్ళే చెప్తారు అన్నారు. అట్లా అడిగితే జవాబు మనమే నోట్లో పెట్టినట్టు కాదా? కాదనే ధైర్యం లేదు, సరే అనబుద్ధి కావడం లేదు.

ఇంకో రెండు సంగతులు కూడా నన్ను తినేస్తున్నాయి. బాగా బీదవాళ్ళే ముందు పోతారనుకున్నాను, కానీ ఆ రెండూళ్ళల్లో గల్ఫ్ పోయింది రెండు మూడు ఎకరాలున్నోళ్ళ కొడుకులు, భూమిలేనివాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. పైగా జగిత్యాల వైపు ఊరికి కాలువ నీళ్ళున్నాయి, యాసంగి కూడా వరే, అయినా పోవడం ఆగలేదు. మరి నేను నిరూపించాల్సింది ఏమిటి? టాపిక్ మార్చుకోవాలా? ఇది చేసినవాళ్ళు, చదివినవాళ్ళు, పోయొచ్చినవాళ్ళు ఎవరున్నా చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.


లెక్కలపంతులు:

మేడం, టాపిక్ మార్చకండి, ప్రశ్న మార్చండి. గైడ్ గారు చెప్పినట్టు మాత్రం వద్దు. పది సార్లు ఎండ ఎండ అని, పదకొండోసారి కారణం అడిగితే ఎవరైనా ఎండే అంటారు, ఆ డేటా పట్టుకుని వైవాలో కూర్చుంటే బయటి ఎగ్జామినర్ మొదటి ఐదు నిమిషాల్లోనే పట్టుకుంటాడు.

మీ 30 షీట్లు చెడిపోలేదు. పరిశోధన ముప్పై ఏళ్ళు తిరిగి తిరిగి చేరిన చోటికి మీ పెద్దమ్మ ఒక్క మాటలో చేర్చింది. ఈ సబ్జెక్టు పుట్టడమే పెద్ద పెద్ద అంకెలతో పుట్టింది. 1985లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కోసం ఎల్ హిన్నావి రాసిన రిపోర్టుతో పర్యావరణ శరణార్థి అనే మాట పాకింది, 1990లలో నార్మన్ మైయర్స్ 20 కోట్ల మంది దాకా అన్నాడు, ఆ 20 కోట్లు ఇప్పటికీ పేపర్లలో తిరుగుతూనే ఉన్నాయి. అది ఎట్లా వచ్చిన లెక్క? ముంపు, కరువు ముప్పున్న చోట్ల ఎంతమంది ఉంటారో చూసి, వాళ్ళు కదులుతారనుకుని వేసిన లెక్క. మనిషి నిజంగా కదులుతాడా, కదలాలంటే చేతిలో ఏం ఉండాలి అనేది అందులో లేదు. ప్రపంచ బ్యాంకు 2021లో ఇచ్చిన అంకె ఇంతకంటే జాగ్రత్తగా కట్టిందే, 2050 నాటికి ఆరు ప్రాంతాల్లో సొంత దేశం లోపలే కదిలేవాళ్ళు 21.6 కోట్ల దాకా ఉండొచ్చని, ముందే మేల్కొంటే అది 4.4 కోట్లకు తగ్గొచ్చని. ఆ రెండు అంకెల మధ్య ఎంత దూరం ఉందో చూడండి! అది మోడల్, తలలు లెక్కపెట్టింది కాదు. మన ప్రొఫెసర్లు పీపీటీ మొదటి స్లైడులో పెద్ద అంకె ఒక్కటే పెడతారు, నాకు దానితోనే గొడవ.

మీకు పనికొచ్చేది 2011లో బ్రిటిష్ ప్రభుత్వ సైన్స్ ఆఫీసు వేసిన ఫోర్‌సైట్ రిపోర్టు. మనిషి కదలడానికి ఐదు రకాల ఒత్తిళ్ళు చెప్తారు అందులో: ఆర్థికం, సామాజికం, రాజకీయం, జనాభా, పర్యావరణం. పర్యావరణం ఎక్కువగా మిగతా నాలుగింటిలో దూరి పనిచేస్తుంది, ముఖ్యంగా డబ్బులో. కాబట్టి "పైసలకు పోయిండు" అన్న జవాబు వాతావరణం కాదని చెప్పడం లేదు, పైసలు ఎందుకు లేకుండా పోయాయో మీరు అడగలేదు, అంతే.

అదే రిపోర్టులో మీ రెండో సందేహానికీ జవాబుంది. కదలలేక చిక్కుకుపోయినవాళ్ళు అని ఒక వర్గం గురించి చెప్పారు, పంట పోయినకొద్దీ పోవాల్సిన అవసరం పెరుగుతుంది, పోవడానికి కావలసిన డబ్బు తరుగుతుంది. దేశాల స్థాయిలో కూడా కట్టానియో, పెరి 2016లో ఇదే చూపించారు, ఎండలు పెరిగితే మధ్యస్థ ఆదాయ దేశాల నుంచి వలస పెరిగింది, బాగా పేద దేశాల నుంచి తగ్గింది.

ఇక ఎండ మాటకొస్తే పాకిస్తాన్ మీద ముల్లర్, గ్రే, కోసెక్ 2014లో చేసిన పని తప్పక చదవండి. పల్లె కుటుంబాలను 1991 నుంచి 2012 దాకా వెంబడించి చూస్తే, వరదలకు జనం ఊరు విడిచింది చాలా తక్కువ, విపరీతమైన ఎండలకు మాత్రం మగవాళ్ళు దీర్ఘకాలం వెళ్ళిపోయారు, ఎందుకంటే ఎండ సాగు ఆదాయాన్ని తినేసింది. టీవీలో కనిపించేది వరద, ఊరు ఖాళీ చేయించేది ఎండ. మన దేశానికి బ్రిందా విశ్వనాథన్, కవి కుమార్ 2015లో చేసిన లెక్క ఉంది, వాతావరణం వల్ల వరి దిగుబడి 1 శాతం పడితే ఆ రాష్ట్రం నుంచి బయటికి పోయే రేటు సుమారు 2 శాతం పెరిగింది, గోధుమకైతే 1 శాతం.

ఒక హెచ్చరిక కూడా. 2010లో మెక్సికో మీద ఫెంగ్, క్రూగర్, ఒప్పెన్‌హైమర్ ఇట్లాంటి పేపరే వేశారు, దిగుబడి 10 శాతం పడితే జనాభాలో అదనంగా 2 శాతం అమెరికా పోతారని. రెండేళ్ళకు ఔఫ్‌హామర్, విన్సెంట్ అదే డేటా తీసుకుని, అన్ని రాష్ట్రాలనూ ఒకేసారి తాకే ఏడాది ప్రభావాలను తీసేసి చూస్తే ఫలితం నిలబడలేదు. మీకూ అదే గండం ఉంది. దుబాయిలో 2008-09 మాంద్యానికి కట్టడాలు ఆగిపోవడం, సౌదీలో 2011 నుంచి నితాఖత్ (కంపెనీల్లో సొంత దేశస్తులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే రూలు), 2020లో కరోనా, ఇవన్నీ ఊరి వానతో సంబంధం లేకుండా మన మనుషులను ఆపినవో వెనక్కి పంపినవో. వాటిని పక్కన పెట్టకుండా వానకు వలసకు గీత గీస్తే అది గీతే అవుతుంది, రుజువు కాదు.


రిటన్‌టికెట్:

చెల్లె, నేను చదువుకున్నది పది దాకనే, పైన సార్ రాసిన పేర్లు నాకు తెలువవు. కానీ నువ్వు తిరిగిన ఊళ్ళలాంటి ఊరే మాది, జగిత్యాల దగ్గర. 2010లో పోయిన, 2021లో వచ్చిన.

మూడెకరాలు మాకు. 2009లో కాలం కాలేదు, వానలు పడలేదు, మీ లెక్కల్లో కూడా ఉండి ఉంటది చూసుకో. బావి అడుగు కనబడ్డది. బోర్లు మొదలుపెట్టినం. మొదటిది పొడి. రెండోది ఇంచున్నర పోసింది, వరి నాటేసినం, నెల తిరగకముందే గాలి కక్కింది. మూడోది పొడి. నాలుగోది 400 ఫీట్లు పోనిచ్చిండు మా నాయిన, రిగ్గు ఆయన వద్దు అన్నా వినలేదు, ఇంకో రాడ్డు ఇంకో రాడ్డు అనుకుంట. తెల్లటి రాతి పొడి లేచి చెలక అంతా పరుచుకుంది, మా అవ్వ గట్టు మీద కూసున్నది, ఆమె నెత్తి, కొంగు, కనుబొమ్మలు అన్నీ తెల్లగ అయినయి, దులుపుకోలేదు. అప్పు నూటికి మూడు రూపాయల మిత్తి. ఆ అప్పు కట్టాలంటే ఇంకో అప్పు చేసి వీసా కొన్న. నన్ను నువ్వు ఆ కాగితం పట్టుకుని అడిగితే నేను కూడా పైసలకు పోయిన అనే చెప్తుంటి. అబద్ధం కాదు కదా.

భూమి లేనోళ్ళు ఎందుకు పోలేదంటావు. మా వాడకట్టులో ఒక తమ్ముడు ఉన్నడు, నాకన్నా ముందు పోవాల్సింది వాడు. ఎవరిస్తరు వాడికి అప్పు? పట్టా పాస్‌బుక్ లేదు, పెండ్లాం మెడల బంగారం లేదు. పోవాలన్నా భూమి ఉండాలె చెల్లె, పోగొట్టుకోవడానికి ఏదన్న ఉన్నోనికే మిత్తికి ఇస్తరు. వాడు కరువు పనికి పోయిండు. కరువు పని అంటే ఉపాధి హామీ, అది ఏ ఏడు వచ్చినా మాకు కరువు పనే. కరువెప్పుడు లేదన్న ఆ పెద్దమ్మ కూడా పలుగు పార పట్టుకుని కరువు పనికి పోయే ఉంటది, అడుగు.

ఇంకోటి, వలస అని అడగకు. వలస అంటే మా దగ్గర పాలమూరు అనుకుంటరు, లేకపోతే పక్షులు. మేం బతకపోయినం అంటం. ఏడికి పోయినా, మస్కటు పోయినా కతర్ పోయినా, దుబాయి పోయిండు అనే అంటం, అది కూడా రాసుకో, లేకపోతే నీ కాగితంలో అందరూ దుబాయిలనే ఉంటరు.

నీళ్ళొచ్చినయి, నిజమే. ఇప్పుడు రెండు కార్లు, వానకాలం యాసంగి రెండూ, వరే. నాట్లకు బీహార్ నుంచి, బెంగాల్ నుంచి పిలగాళ్ళు వస్తున్నరు, ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుని పాటలు పెట్టుకుని నాటేసి పోతరు. మా ఊరికి వాళ్ళు బతకొస్తున్నరు, మా ఊరోళ్ళు బతకపోతున్నరు. నా పెద్దోడు పాస్‌పోర్టు చేయించుకున్నడు. మూడెకరాలు ఇద్దరికి పంచితే ఏం మిగులుతది, దుబాయి పోయినోనికి పిల్లనిస్తరు, వరి పెట్టేటోనికి ఇస్తలేరు.

ఎండకు తట్టుకోలేక పోయినం అని ఎవరన్నా రాస్తే మాత్రం నవ్వొస్తది. మేం పోయింది ఇంకా పెద్ద ఎండలకు. అసలు దుబాయిలనైతే జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని బంద్, రూల్ ఉంది. పదకొండింటికి రాడ్డు ముట్టుకుంటే గ్లౌసు అంటుకునేది, ఆ టైముకు రూల్ లేదు.


సూటిగా:

అన్న చెప్పింది బాగుంది కానీ నాకో డౌటు. 1972లో కరువు, 2002లో కరువు, మా తాత బొంబాయి పోయింది కాలం కాకనే, అప్పుడు వాతావరణ మార్పు అనే మాటే లేదు. బోర్లు ఎండింది ఊరందరూ పోటీ పడి తోడినందుకు. ఉచిత కరెంటు, నాలుగు ఎకరాలకు నాలుగు బోర్లు. దీనికి వాతావరణ మార్పు అని పేరు పెడితే ఫండ్స్ వస్తాయని పెడుతున్నారా?


లెక్కలపంతులు:

@సూటిగా, ఫండ్స్ మాట సగం నిజమే, ఒప్పుకుంటాను. కానీ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. ఒకటి, వాన ఎగుడుదిగుళ్ళకు మనుషులు కదులుతారా. దీనికి మనూళ్ళల్లో డేటా దొరుకుతుంది. రెండు, ఆ ఎగుడుదిగుళ్ళలో ఎంత భాగం మనిషి వేడెక్కించిన భూమి వల్ల. ఇది వాతావరణ శాస్త్రవేత్తల పని. ఎండల విషయంలో వాళ్ళు కాస్త గట్టిగానే చెప్పగలుగుతున్నారు, 2022 మార్చి, ఏప్రిల్‌లో ఇండియా, పాకిస్తాన్‌లలో కాసిన ఎండల మీద వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ అనే శాస్త్రవేత్తల బృందం వాళ్ళు అట్లాంటి వడగాలులు వచ్చే అవకాశం సుమారు 30 రెట్లు పెరిగిందన్నారు. ఒక మండలంలో 2009లో వాన పడకపోవడానికి అట్లా చెప్పడం కష్టం. అందుకే మేడం, థీసిస్ పేరులో వాతావరణ మార్పు అని పెట్టినా లోపల మాత్రం వాన, ఎండ, భూగర్భ జలం అని దేనికదే విడిగా రాయండి. బోరు తోడుడు వల్ల ఎండిందా వాన లేక ఎండిందా అన్నది రాతి నేలలో విడదీయలేరు, రెండూ కలిసే ఎండబెడతాయి. గుజరాత్‌లో బావులు ఎండినప్పుడు ఎవరు పోయారో ఫిష్‌మన్, జైన్, కిశోర్ చూశారు, అక్కడా భూమున్న పెద్ద కులాల పిలగాళ్ళే పట్నాలకు పోయారు. రిటన్‌టికెట్ అన్న చెప్పిన మాటకు దగ్గర్లోనే ఉంది కదా.


గడులమనిషి:

డేటా గురించి నాలుగు ముక్కలు, ఎందుకంటే ఇందులో నేను రెండేళ్ళు పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోవద్దు.

సెన్సస్‌ను నమ్ముకుని కూర్చోకండి. 1991 సెన్సస్‌లో వలస కారణాల్లో కరువు, వరదలు లాంటి ప్రకృతి వైపరీత్యాలు అని ఒక కోడ్ ఉండేది, 2001లో తీసేశారు. అంటే ఇప్పుడు సెన్సస్‌లో కరువు వలస కావాలన్నా కనిపించదు, అది "పని" కిందో "ఇతర" కిందో పోయి పడుతుంది. 2011 తర్వాత సెన్సస్సే జరగలేదు, 2027 అంటున్నారు. 2011లో వలసదారులు 45 కోట్ల పైచిలుకు అని చూసి గుండె జారిపోకండి, అందులో అతి పెద్ద కారణం పెళ్ళి.

పెళ్ళే కదా అని వదిలేయకండి కూడా. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చిన పేపర్ పెళ్ళి మీదే ఉంది, 1989లో రోసెన్‌జ్వేగ్, స్టార్క్ రాసింది. డేటా మన పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వాళ్ళ గ్రామాల అధ్యయనాలది, 1975లో మొదలైనవి, మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూరు కూడా ఆ ఊళ్ళల్లోవే. ఆడపిల్లను దూరం ఊరికి ఇవ్వడం ఒక రకంగా వాన ఇన్సూరెన్స్ అంటారు వాళ్ళు. మనకు కాలం కాకపోయినా వియ్యంకుడి ఊళ్ళో అవుతుంది, అప్పుడు గింజలో పైసలో అటు నుంచి వస్తాయి. నేను ఇది చదివి మా అమ్మమ్మకు చెప్తే ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ముగ్గురు బిడ్డలను మూడు చెరువుల కింద ఇచ్చిన, ఒక్క చెరువన్నా నిండదా" అంది. అప్పటిదాకా మా పెద్దమ్మను అంత దూరం ఎందుకిచ్చారో ఇంట్లో ఎవరం అడగలేదు. మేడం షీటులో కోడళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారు, బిడ్డలను ఎక్కడిచ్చారు అనే కాలమ్ ఉందా? లేకపోతే పెట్టండి.

ఎన్‌ఎస్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ జాతీయ శాంపిల్ సర్వే) 64వ రౌండ్, 2007-08, అందులో ప్రకృతి విపత్తు కోడ్ ఉంది, పని కోసం ఒక నెల దాటి ఆరు నెలల లోపు బయట ఉన్నవాళ్ళను విడిగా అడిగారు. అది వాడుకోవచ్చు, కానీ జిల్లా కిందికి దిగితే శాంపిల్ చాలదు.

వానకు ఐఎండీ, అంటే భారత వాతావరణ శాఖ, గడుల డేటా (దేశాన్ని చదరపు గడులుగా కోసి ఒక్కో గడికి ఇచ్చే వాన లెక్క) 1901 నుంచి ఉంది, పావు డిగ్రీ గడి, అంటే ఒక్కో వైపు సుమారు 28 కిలోమీటర్లు. పరకాల ఊరు, దాని చుట్టుపక్కల మండలాలు ఒక్క గడిలో దూరిపోతాయి. ఒకే ఊళ్ళో యాభై గజాల దూరంలో ఒక బోరు పోసి ఇంకోటి పొడి కొట్టే నేల మనది, 28 కిలోమీటర్ల గడితో ఏం పట్టుకుంటారు? నేను పట్టుకోలేకపోయాను, రెండేళ్ళు పోయింది అందుకే. గడి వానను జిల్లా స్థాయికి వాడుకోండి, ఇంటి స్థాయికి మాత్రం బోరు లెక్కే అడగండి.

ఇంకో చిన్న సంగతి. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజు భీవండి, సూరత్, బొంబాయి నుంచి మనోళ్ళు బస్సులు నిండా ఊళ్ళకొచ్చారు, పేరు లేకపోతే రేషన్ పోతుందని భయం. ఆ రోజు ఎవరు వచ్చారు ఎవరు రాలేకపోయారు అని అడిగితే ఇంటివాళ్ళకు బాగా గుర్తుంటుంది, 2014లో ఎవరు ఎక్కడున్నారో తేలిపోతుంది.


మేడారంబాట:

ములుగు నుంచి. గల్ఫ్ గురించి నాకు తెలియదు, వరద గురించి చెప్తాను. 2023 జూలై 27న మా పక్క లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. రాష్ట్రంలో ఏడాది మొత్తం సగటున పడేదే సుమారు 900. అదే రోజు భూపాలపల్లి వైపు మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం ఇండ్ల మీదికెక్కి కూర్చున్నారు, హెలికాప్టర్లు వచ్చాయి. పేపర్లన్నీ రాశాయి, అందరూ వచ్చి ఫొటోలు తీసుకున్నారు.

మా బంధువులు అక్కడ ఉన్నారు, వాళ్ళు ఊరు విడిచి పోలేదు. బురద ఎత్తుకున్నారు, బియ్యం, బట్టలు, బర్లు అన్నీ పోయాయి, మళ్ళీ అక్కడే నాటేశారు. లెక్కలపంతులు సార్ పాకిస్తాన్ సంగతి చెప్తుంటే అదే అనుకున్నా. ఇట్లాంటివాళ్ళు పెద్ద లెక్కల్లో ఎక్కడ పడతారో చూడండి. జెనీవాలో అంతర్గత నిర్వాసితుల లెక్క కట్టే కేంద్రం 2022కు ప్రపంచంలో విపత్తుల వల్ల 3.26 కోట్ల నిర్వాసాలు అని, మన దేశంలో 25 లక్షలు అని చెప్పింది. అవి కదలికల లెక్క. బడిలో మూడు రోజులు ఉండి ఇంటికొచ్చినా ఒకటే, ఊరు విడిచి ఎన్నడూ రాకపోయినా ఒకటే, ఒకే మనిషి రెండుసార్లు కదిలితే రెండు. తప్పు లెక్క అనను, రేషన్ ఎంత పంపాలో తెలియాలంటే అదే కావాలి. దాన్ని వలస అంటేనే గోల.

మేడం, వచ్చేవాళ్ళను కూడా చూడండి. మిరప ఏరే రోజుల్లో మా వైపు ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి ట్రాలీ ఆటోల్లో పిల్లాపాపలతో వస్తారు, తోటల పక్కనే టార్పాలిన్లు కట్టుకుంటారు. మీరు ఎనుమాముల మార్కెట్లో చూసే మిర్చి బస్తాల వెనకాల వాళ్ళే ఉన్నారు. గుత్తికోయ ఆదివాసీలు 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టు గొడవలకు తట్టుకోలేక మా అడవుల్లోకి వచ్చారు, వాళ్ళను ఎందుకొచ్చావంటే తుపాకీ అంటారు, ఎందుకు ఇక్కడే ఉన్నావంటే నీళ్ళు అంటారు. ఏ గడిలో టిక్కు పెడతారు?

ఏ సంవత్సరం అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు. మేడారం జాతరకు అటా ఇటా అని అడగండి. రెండేళ్ళకోసారి కాబట్టి 2010, 2012, 2014 ఇట్లా సరి సంవత్సరాలు వస్తాయి, పోయిన జాతరకు ఇంట్లో ఉన్నాడా, బంగారం (అమ్మవార్లకిచ్చే బెల్లం) ఎత్తు తూకం వేసింది పోకముందా వచ్చినాకనా అంటే టక్కున చెప్తారు. నెల కావాలంటే కార్తె అడగండి, రోహిణి ఎండలకా మృగశిరకా అని.


ఎండినబోరు:

అందరికీ చాలా థ్యాంక్స్, నాలుగు రోజులుగా ఇవన్నీ ప్రింట్ తీసుకుని గీతలు గీసుకుంటూ చదువుతున్నాను. రిటన్‌టికెట్ అన్నా, మీ అవ్వ సంగతి చదివి చాలాసేపు ముందుకు పోలేకపోయాను.

ఆదివారం మళ్ళీ పరకాల దాటి ఆ ఊరికే వెళ్ళాను, ఆ పెద్దమ్మ ఇంటికే. కాగితం బ్యాగులోంచి తీయలేదు. కారణం అడగలేదు. "మీరు ఎన్ని బోర్లు వేసిండ్రు పెద్దమ్మా" అన్నాను. ఆమె నన్ను ఇంటెనకకు తీసుకుపోయి చూపించింది, పశువుల కొట్టం పక్కన ఒకటి, బండరాయి పెట్టి మూశారు, చింతచెట్టు కింద ఒకటి, దాంట్లో మేకపిల్ల పడిందట, అప్పటి నుంచి తట్ట బోర్లించారు. మిగతా మూడు చెలకలో. ఒక్కో బోరు దగ్గర నిలబడి ఎవరి దగ్గర ఎంత తెచ్చారో, మిత్తి ఎంతో, ఏ జాతరకు ముందో చెప్పుకుంటూ పోయింది. మూడో బోరు 2014 జాతర తర్వాత ఎండాకాలం వేశారు. కొడుకు పోయింది ఆ ఏడు బతుకమ్మ అయినాక. రెండు గంటలు మాట్లాడింది, అందులో వాతావరణం అన్న మాట ఒక్కసారి రాలేదు, వాన అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు. కరువు పని గురించి అడిగితే నవ్వింది, పోయిందట, మొన్నటిదాకా పోయిందట.

కోడలిది ఏ ఊరని కూడా అడిగాను. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కింద ఊరు. గడులమనిషి గారూ, మీ అమ్మమ్మకు నమస్తే చెప్పండి.

ఇప్పుడు నా ఆలోచన ఇట్లా ఉంది. కారణం అనే ప్రశ్న తీసేస్తాను. ఇంటికో కాలక్రమం, జాతర, కార్తె గుర్తులతో, అందులో బావి, బోర్లు, పంట, అప్పు, పెళ్ళిళ్ళు, పోవుడు, వచ్చుడు అన్నీ ఒకే గీత మీద. పోనివాళ్ళ ఇండ్లకు కూడా అదే షీటు, పోయినవాళ్ళ ఇండ్లు ఎన్ని తీసుకుంటే అన్ని. జగిత్యాల ఊళ్ళో నాట్లకొచ్చే బీహార్ వాళ్ళను కూడా అడగాలని ఉంది, హిందీ నాకు అంతంతమాత్రం, చూడాలి. గైడ్‌కు ఇంకా చెప్పలేదు. సోమవారం టైమ్ ఇచ్చారు. ఆ పెద్దమ్మ ఇంటి కాలక్రమం చార్టు మీద గీసి పట్టుకుపోతున్నాను, మాటల్లో చెప్తే వినరు.

ఒక్క డౌటు మిగిలింది. బోరు ఎన్ని ఫీట్లు అంటే ఒక్కో ఇంట్లో తండ్రి ఒకటి చెప్తాడు, కొడుకు ఒకటి చెప్తాడు. ఎవరిది రాసుకోవాలి?


రిటన్‌టికెట్:

ఇద్దరిదీ వద్దు చెల్లె. రిగ్గు ఆయన ఫీటుకు ఇంత అని బిల్లు కడతడు కదా, ఎన్ని ఫీట్లు, కేసింగ్ ఎంత, తారీఖు అన్నీ చీటీ మీద రాసిస్తడు. అప్పు ఇచ్చినోడు ఆ చీటీ చూసే పైసలిస్తడు కాబట్టి చాలా ఇండ్లల్ల పారెయ్యరు. పాస్‌బుక్ కవర్లనో, దేవుని పటం ఎనకనో ఉంటది, అడిగితే తీస్తరు. ఫొటో తీసుకో. మాది నాలుగు చీటీలూ ఉన్నయి, కావాలంటే పంపిస్త.